ఆదివారం గడిలో సున్నా



రేడియోలో గ్రాఫుల గురించి మాట్లాడమంటే, టెలిఫోన్లో పూతరేకు రుచి చూపించమన్నట్టే ఉంటుంది. గీసి చూపించే వీలు లేదు. అందుకని మీకు బాగా తెలిసిన వస్తువొకటి అరువు తెచ్చుకుంటాను. రాజమండ్రి గోదావరి గట్టున నిలబడితే కనిపించే పాత రైలు వంతెన, హేవలాక్ వంతెన. 1900లో దాని మీద రైళ్ళు మొదలయ్యాయి, 1997లో ఆగిపోయాయి. వంతెన మాత్రం అలాగే నిలబడి ఉంది. స్తంభానికీ స్తంభానికీ మధ్య జాగాని ఖానా అంటాం కదా, ఆ వంతెనకి 56 ఖానాలు. అన్నీ ఒకే కొలత.

ఒక్కో ఖానా ఒక్కో రోజు అనుకోండి. 56 రోజులంటే సరిగ్గా ఎనిమిది వారాలు. రాజమండ్రి వైపు మొదటి ఖానా సోమవారమైతే, కొవ్వూరు వైపు చివరి ఖానా ఎనిమిదో ఆదివారం. మీ వ్యాపారం లెక్కలు గ్రాఫు గీస్తే అడుగున అడ్డంగా ఒక తేదీల గీత ఉంటుంది చూశారూ, అది ఈ వంతెనే. ఏ రోజు అమ్మకం ఆ రోజు ఖానా మీద నిలబడుతుంది.

ఇప్పుడు చిక్కెక్కడంటే, ఆదివారం కొట్టు మూత. ఏడో ఖానా మీద పెట్టడానికి మన దగ్గర అంకె లేదు. పధ్నాలుగో దాని మీదా లేదు, ఇరవై ఒకటో దాని మీదా లేదు. అలా మొత్తం ఎనిమిది ఖానాలు బోసిగా ఉంటాయి. వాటిని ఏం చెయ్యాలి? సున్నా పెట్టాలా? ఖాళీగా వదిలెయ్యాలా? లేకపోతే ఆ ఎనిమిదీ పీకేసి, మిగిలిన 48 ఖానాల్నీ దగ్గరికి జరిపేయాలా? పీకేస్తే చూడటానికి ముచ్చటగానే ఉంటుంది. కాకపోతే వంతెన కొవ్వూరు చేరదు. ఖానాలు తగ్గాయని గోదావరి వెడల్పు తగ్గదు కదండీ.

ఇంత చిన్న సంగతికి ప్రసంగమేమిటి అని మీకు అనిపించవచ్చు. నాకూ అనిపించేదే, ఒక సంక్రాంతికి నా పరువు పోయి ఉండకపోతే.

నేను కాలేజీలో కామర్స్ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. రిటైరయ్యాక ఊరుకోలేక, మా పట్నంలో తెలిసినవాళ్ళ ఇనుము, సిమెంటు కొట్టుకి లెక్కలు కంప్యూటర్లోకి ఎక్కించి పెడతానని ఒప్పుకున్నాను. వాళ్ళ దగ్గర చిట్టా ఉంది, ఆవర్జా ఉంది, రోజువారీ అమ్మకం కాయితాలున్నాయి. మూడు నెలల లెక్క కొట్టి, గీత గ్రాఫు గీసి, రంగు కాయితం మీద అచ్చు తీసి, యజమాని బల్ల మీద పెట్టాను. ఆయన కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూశాడు. చూసి, "ఏవండీ మేష్టారూ, మన కొట్టుకి ఆదివారం ఆదివారం గుండె ఆగిపోతోందేంటండీ?" అన్నాడు.

నిజంగానే అలా ఉంది. ఆరు రోజులు గీత పైన నడుస్తుంది. ఏడోరోజు అమాంతం నేల మీద పడుతుంది. మళ్ళీ సోమవారం నిట్టనిలువుగా లేస్తుంది. పన్నెండు వారాలకి పన్నెండు అగాధాలు, రంపం పళ్ళలాగ. ఆసుపత్రిలో గుండె జబ్బు కాయితం అలాగే ఉంటుంది మరి. నేను చేసిన పని ఏమిటంటే, ఆదివారం గడులన్నిటిలోనూ శ్రద్ధగా సున్నాలు కొట్టాను. గడి ఖాళీగా వదిలితే లెక్క మర్చిపోయాననుకుంటారని నా భయం.

ఇక్కడ ఒక న్యాయం చెప్పాలి. ఆ సున్నాలు అబద్ధాలు కావు. ఆదివారం ఆ కొట్లో ఎంత సరుకు అమ్ముడైందని అడిగితే, సున్నా బస్తాలు అన్నది అక్షరాలా నిజం. నెల మొత్తం కూడేటప్పుడు ఆ సున్నా వల్ల ఏ నష్టమూ లేదు. కానీ గ్రాఫు మొత్తం కోసం కాదు గదా, వాటం చూడటం కోసం. వ్యాపారం పెరుగుతోందా, తగ్గుతోందా అన్న మాట ఆ పన్నెండు గోతుల్లో పడి కనపడకుండా పోయింది. యజమానికి కనిపించింది ఒక్కటే, తన కొట్టుకి ఆదివారం సెలవన్న సంగతి. అది ఆయనకి ముందే తెలుసు.

సరే, ఇంటికెళ్ళి దిద్దుకున్నాను. సున్నాలున్న వరసలన్నీ చెరిపేశాను. ఎక్సెల్‌లో తేదీల గీతని తేదీలుగా కాకుండా మామూలు మాటలుగా చూడమని చెప్పే వీలుంది, టెక్స్ట్ యాక్సిస్ అంటారు. అది నొక్కాను. అంతే, శనివారం పక్కన సోమవారం వచ్చి అతుక్కుంది. గోతులు మాయం. గీత గోదావరిలా సాఫీగా సాగింది. మర్నాడు పట్టుకెళ్ళి చూపిస్తే యజమాని సంతోషించాడు. ఆయన కొడుకు సంతోషించలేదు.

ఆ కుర్రాడు జనవరి దగ్గర వేలు పెట్టాడు. 2024 జనవరి 14 భోగి, ఆదివారం. 15 సంక్రాంతి, 16 కనుమ. మూడు రోజులూ కొట్టు మూత. నా గ్రాఫులో 13వ తేదీ శనివారానికీ 17వ తేదీ బుధవారానికీ మధ్య ఎంత దూరం? మామూలు మంగళవారానికీ బుధవారానికీ మధ్య ఎంతో, అంతే. అదే కాయితం మీద నేను సిమెంటు బస్తా ధర కూడా ఇంకో రంగులో గీశాను. ఆ నాలుగు రోజుల్లో ధర కాస్త పెరిగింది. నా గ్రాఫులో అది రాత్రికి రాత్రి గోడెక్కినట్టు కనిపించింది. "పండగ పూట ఎవరో మనల్ని ముంచినట్టుంది మేష్టారూ ఇది చూస్తే" అన్నాడా కుర్రాడు. ఎవరూ ముంచలేదు. మూడు ఖానాలు నేనే పీకేశాను.

అప్పుడు బోధపడింది, నేను ఒకే కాయితం మీద రెండు వేరువేరు జాతుల అంకెల్ని గీశానని. సరుకు ఎంత అమ్మామన్నది ఒక జాతి. దానికి మూసిన రోజున సున్నా ఉంటుంది. ధర ఎంతన్నది ఇంకో జాతి. దానికి మూసిన రోజున సున్నా ఉండదు, అసలు ఏదీ ఉండదు. ఆదివారం బస్తా సిమెంటు సున్నా రూపాయలు అని ఎవడైనా అంటే మనం సంచులు పట్టుకుని పరుగెత్తమూ?

ధర సంగతి ఇంకాస్త దగ్గరగా చూద్దాం. మాటవరసకి అంబాజీపేట వైపు కొబ్బరి బేరాలు అనుకోండి. శనివారం వెయ్యి కాయలు 10,000 రూపాయలు పలికాయి. ఆదివారం బేరాల్లేవు. సోమవారం 10,600 పలికాయి. ఖానాలన్నీ ఉంచి, శనివారం చుక్కనీ సోమవారం చుక్కనీ గీతతో కలిపేశారనుకోండి. ఆ గీత ఆదివారం ఖానా మీదుగా వెళుతూ 10,300 దగ్గర దాటుతుంది. ఆదివారం ఎవరో ఆ ధరకి కొన్నట్టు, అమ్మినట్టు అది చెబుతోంది. ఆ ధరకి ఒక్క కాయ చేతులు మారలేదు. పోనీ ఖానా పీకేసి గీస్తే, ఒక్క రోజులో 600 ఎగబాకినట్టు కనిపిస్తుంది. అది కాస్త నయం, ఎందుకంటే బేరం జరిగిన రోజుకీ బేరం జరిగిన రోజుకీ మధ్య తేడా నిజంగానే 600. అయితే రైతు పెట్టుబడికి వడ్డీ లెక్క గట్టుకునేది రెండు రోజులకి, ఒక రోజుకి కాదు. వడ్డీకి ఆదివారం సెలవు లేదు.

నేను ఇప్పుడు ధరల్ని చుక్కలుగా గీస్తాను. ఎన్ని బేరం రోజులుంటే అన్ని చుక్కలు. ఆదివారం ఖానా బోసిగా ఉంచుతాను. చుక్కల మధ్య గీత కావాలని పట్టుబడితే, పలచగా, తెగిన గీత వేస్తాను. చూసేవాడికి ఇక్కడ లెక్క లేదని కంటికే తెలియాలి.

షేర్ల గ్రాఫులు మటుకు ఖానాలు పీకేసే గీస్తారు. మీ ఫోన్లో చూడండి, ఒక్కో రోజు ధరకి ఒక్కో కొవ్వొత్తి బొమ్మ, శుక్రవారం కొవ్వొత్తి పక్కనే సోమవారం కొవ్వొత్తి. దాన్ని నేను తప్పు పట్టను. అక్కడ కాలం కొలిచేది పంచాంగం కాదు, మార్కెట్ గంట. 20 రోజుల సగటు అంటే వాళ్ళ భాషలో 20 బేరం రోజులు, మనకి దాదాపు నెల. అయితే వాళ్ళ దగ్గర కూడా ఒక పాఠముంది. సంక్రాంతికి ఊరొచ్చిన మా మేనల్లుడు, సాఫ్ట్‌వేర్ కుర్రాడు, శని ఆదివారాల్ని ఏరిపారేసే ప్రోగ్రాం ఒకటి రాసి చూపించాడు. పైథాన్‌లో ప్లాట్లీ అని ఒక పరికరం ఉందిట, రేంజ్‌బ్రేక్స్ అన్న మాట రాస్తే వారాంతాలు మాయమవుతాయిట. నిజమే, మాయమయ్యాయి. నేను అడిగాను, "ఒరేయ్, 2025 ఫిబ్రవరి 1 ఏ వారం?" శనివారం. కేంద్ర బడ్జెట్ పెట్టిన రోజు. ఆ రోజు స్టాక్ ఎక్స్ఛేంజీలు తెరిచే ఉన్నాయి. "2023 దీపావళి ఏ వారం?" నవంబరు 12, ఆదివారం. ఆ సాయంత్రం ముహూర్తం ట్రేడింగ్ జరిగింది. వాడి గ్రాఫులో బడ్జెట్ రోజూ లేదు, లక్ష్మీపూజ రోజూ లేదు. వారం పేరు చూసి సెలవు నిర్ణయిస్తే అలాగే ఉంటుంది. సెలవుల జాబితా చూసి నిర్ణయించాలి.

బ్యాంకు లెక్కలు గీసేవాళ్ళకీ ఇదే జాగ్రత్త. 2015 సెప్టెంబరు నుంచి రెండో శనివారం, నాలుగో శనివారం బ్యాంకులకి పూర్తి సెలవు, మిగతా శనివారాలు పూర్తి పని. అంతకు ముందు శనివారాలు ఒంటిపూట. ఆ సంగతి తెలియకుండా పాతవీ కొత్తవీ శనివారాలు పక్కపక్కన పెడితే తేడా వ్యాపారంలో వచ్చిందనుకుంటాం. డబ్బు పంపకాల్లో అయితే ఆదివారమే చెరిగిపోయింది. నెఫ్ట్ 2019 డిసెంబరు నుంచి, ఆర్‌టీజీఎస్ 2020 డిసెంబరు నుంచి రోజుకి 24 గంటలూ, వారానికి ఏడు రోజులూ నడుస్తున్నాయి.

మన కోనసీమ ఇళ్ళల్లో కువైట్ వెళ్ళినవాళ్ళు ఎంతమందో మీకు చెప్పనక్కర్లేదు. అక్కడ వారాంతం శుక్రవారం, శనివారం. ఆదివారం పొద్దున్నే డ్యూటీ. ఇక్కడ అమ్మ ఆదివారం ఫోను చేసి, "సెలవేగా నాన్నా, తీరిగ్గా మాట్లాడు" అంటుంది. వాడు డ్యూటీలో ఉంటాడు. కంప్యూటర్ ఆ అమ్మకన్నా తెలివైనదేం కాదు. శని ఆదివారాలే సెలవని మనం చెబితే, దానికి లోకమంతా శని ఆదివారాలే.

ఇంక సెలవే లేనివాళ్ళున్నారు. కోళ్ళు. తణుకు, అనపర్తి వైపు శ్రోతలు నవ్వుకుంటున్నారేమో, కోడికి ఆదివారం తెలియదు. గుడ్డు ఆ రోజూ పెడుతుంది. గుడ్ల రేటు ప్రకటించే జాతీయ గుడ్ల సమన్వయ సంఘం, నెక్ అంటాం, 1982 నుంచీ ఉంది. దాని పట్టికలో తూర్పు గోదావరికి ఒక వరస, పశ్చిమ గోదావరికి ఒక వరస ఉంటాయి. రేటు నూరు గుడ్లకి. నెలకి ఎన్ని రోజులుంటే అన్ని గడులు, ఆదివారాలతో సహా. ఆ పట్టికని గ్రాఫు గీసేటప్పుడు ఖానా పీకాల్సిన పని లేదు. కార్తీకమాసంలో తినేవాళ్ళు తగ్గి రేటు వాలితే, ఆ వాలు పూర్తిగా, రోజురోజుకీ కనపడాలి.

జంగారెడ్డిగూడెం, కొయ్యలగూడెం, గోపాలపురం, దేవరపల్లి వైపు పొగాకు వేలం కేంద్రాలకి వెళితే కథ తిరగబడుతుంది. అక్కడ వేలం ఉన్న రోజే రోజు. సెలవొస్తే వేలం లేదు. రైతుకి కావాల్సిందల్లా వేలం మొదలైనప్పటి నుంచీ రేటు ఎటు పోతోందన్నది. పోయినేటి సీజన్‌తో పోల్చాలంటే తేదీ పక్కన తేదీ పెడితే కుదరదు, ఎందుకంటే వేలం ఏటా ఒకే తేదీన మొదలవదు. అక్కడైతే నేను తేదీలు మానేసి, వేలం మొదటి రోజు, రెండో రోజు, పదో రోజు, యాభయ్యో రోజు అని గీస్తాను. ఖానాలు పీకేసే పద్ధతి తప్పు కాని చోటు అది. తేదీ ఏమిటో చుక్క పక్కన సన్నగా రాసుకుంటే చాలు.

ఇంతవరకూ చెప్పినవి వ్యాపారం అంకెలు. ఇప్పుడు చెప్పబోయేది వ్యాపారం కాదు గాని, నేను ఈ విషయం పట్టుకుని వేలాడటానికి అసలు కారణం అదే. మా కాలేజీ పాత విద్యార్థి ఒకతను గోదావరి వరద మట్టాల మీద ఏదో ప్రాజెక్టు చేస్తూ నా దగ్గరికొచ్చాడు. ఆఫీసు అలవాటు కొద్దీ, తను వాడే గ్రాఫు నమూనాలో శని, ఆదివారాలు వాటంతట అవే ఎగిరిపోయేలా పెట్టుకున్నాడు. జీతాల లెక్కలకి, హాజరు లెక్కలకి వాడుకునే నమూనా అది. అందులోనే వరద అంకెలు పోశాడు.

1986 ఆగస్టు. ఆ పేరు చెబితే లంకల్లో పెద్దవాళ్ళు ఇప్పటికీ ఒక్క క్షణం ఆగుతారు. ఆ సంవత్సరం ఆగస్టు 15 శుక్రవారం, స్వాతంత్ర్య దినం సెలవు. 16 శనివారం. ఆ రోజు భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకి చేరింది. అక్కడ మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేది 53 అడుగులకి. ఆ నీళ్ళు పాపికొండలు దాటి, ధవళేశ్వరం ఆనకట్ట మీద 35 లక్షల క్యూసెక్కులు మించి దిగాయి. గట్లు తెగాయి, ఊళ్ళకి ఊళ్ళు మునిగాయి. జాతీయ పండగ సెలవు కలిసొచ్చిన వారాంతంలో జరిగిందదంతా.

2022 జూలై సంగతి మీలో చాలామంది స్వయంగా చూసినదే. భద్రాచలంలో 71.3 అడుగులు. తేదీ జూలై 16. మళ్ళీ శనివారం. ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటి సముద్రంలోకి వదిలారు.

ఆ కుర్రాడి గ్రాఫులో ఈ రెండు శిఖరాలూ లేవు. శుక్రవారం నుంచి సోమవారానికి ఒక చక్కని గీత, మధ్యలో ఏమీ జరగనట్టు. మన కాలంలో భద్రాచలం దగ్గర గోదావరి మట్టం అన్నిటికన్నా ఎత్తుకి చేరిన రెండు వరదలు, రెండూ శనివారం నాడే శిఖరానికి చేరాయి కనక, రెండూ ఎగిరిపోయాయి. నేను చూపించినప్పుడు ఆ అబ్బాయి ముఖం పాలిపోయింది. అతని తప్పు కాదనను గాని, పెద్ద తప్పేమీ కాదు. ఆ నమూనాలో ఒక చిన్న గడిలో టిక్కు పెట్టి ఉంది, అంతే.

ఇది మూడో జాతి అంకె. అమ్మకానికి ఆదివారం సున్నా. ధరకి ఆదివారం ఏమీ లేదు. నీటిమట్టానికి ఆదివారం కూడా మట్టం ఉంది, చూసేవాడు చూసినా చూడకపోయినా. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఆ గీతల్ని నీరు ఏ వారం దాటితే ఆ వారమే హెచ్చరిక. జ్వరం కూడా ఇలాంటిదే. కరోనా రోజుల్లో చాలా దేశాల లెక్కలు శని ఆదివారాల్లో తగ్గి, వారం మొదట్లో ఎగిసేవి. జబ్బు తగ్గి కాదు, ఆఫీసుల్లో రాసేవాళ్ళు తగ్గి. అందుకే ఏడు రోజుల సగటు గీత పట్టుకున్నారు. వరసగా ఏ ఏడు రోజుల సగటు తీసినా అందులో ఒక ఆదివారం తప్పక ఉంటుంది గదా, ఎగుడుదిగుడు సర్దుకుంటుంది.

ఈ గ్రాఫుల పద్ధతికి ఆద్యుడని చెప్పుకునే విలియం ప్లేఫెయిర్ 1786లో వర్తకం లెక్కల్ని గీతలుగా గీసి పుస్తకం వేశాడు. ఏడాదికి ఒక అంకె చొప్పున గీసుకున్నాడు కనక ఆయనకి ఆదివారం బెడద లేదు. అదృష్టవంతుడు. ఆషాఢం బెడద అంతకన్నా లేదు.

ఆషాఢమే మన డెల్టా వ్యాపారానికి అసలైన వారాంతం. పెళ్ళిళ్ళుండవు. కళ్యాణ మండపాలు తాళాలు. కడియపులంకలో పూల ధర దిగిపోతుంది. బట్టల కొట్లవాళ్ళు ఊరుకోలేక ఆషాఢం సేల్ కనిపెట్టారు, అది వేరే సంగతి. ఏటా వచ్చేదే కనక దానికి అలవాటు పడిపోయాం. అధికమాసం వచ్చిన ఏడు మాత్రం గ్రాఫు చూసి చాలామంది మోసపోతారు. 2023లో జూన్ 19న ఆషాఢం మొదలైంది, జూలై 17తో అయిపోయింది. మర్నాడు శ్రావణం వచ్చింది గాని, అది అధిక శ్రావణం. ఆగస్టు 16 దాకా అదే. అంటే వరసగా 59 రోజులు ముహూర్తాల్లేవు. అంతకు ముందు ఏడు, 2022లో, శ్రావణం జూలై 29నే వచ్చేసింది. ఇప్పుడు ఎవరైనా 2022 ఆగస్టు మొదటి పక్షం పక్కన 2023 ఆగస్టు మొదటి పక్షం పెట్టి పట్టుచీరల అమ్మకం గీశారనుకోండి. వ్యాపారం కుప్పకూలినట్టు కనిపిస్తుంది. ఏమీ కూలలేదు. పెళ్ళికూతుళ్ళు ఆగస్టు 17 కోసం ఎదురుచూస్తున్నారు.

ఇంగ్లీషు తేదీల మీద తయారైన ఏ కంప్యూటర్ ప్రోగ్రామూ ఈ ఖాళీని తనంతట తాను కనిపెట్టలేదు. మన సిద్ధాంతులకి ఇది కొత్త కాదు. తిథి సూర్యోదయాన్ని తాకకుండా జారిపోతే క్షయ తిథి అని పేరు పెట్టారు. రెండు సూర్యోదయాల్ని తాకితే వృద్ధి అన్నారు. మాసం ఎక్కువైతే అధికం అన్నారు. దేన్నీ దాచలేదు, అతికించలేదు. ఖాళీకీ అదనానికీ ఒక పేరు పెట్టి పంచాంగంలో రాసుకున్నారు. నాకైతే ఆ పద్ధతి ఎక్సెల్ కన్నా నచ్చింది. నా మేనల్లుడు ఒప్పుకోడు.

అలా పేరు పెట్టి ఉంచాల్సిన ఖాళీ ఒకటి సముద్రం మీదా ఉంది. కాకినాడ నుంచి అంతర్వేది దాకా తీరం వెంట ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మర పడవల వేట నిషేధం. చేపల రాబడి గ్రాఫులో అది పెద్ద గొయ్యి. దాన్ని పూడ్చవద్దు. నిషేధం అని దాని మీద రాసి ఉంచాలి, ఎందుకంటే ఆ గొయ్యి తరవాత వచ్చే ఎత్తుకి కారణం ఆ గొయ్యే. వేసవిలో మరమ్మతులకి కాలవలు కట్టేసినప్పుడు కాలవ ప్రవాహం గ్రాఫులో వచ్చే సున్నా కూడా అచ్చమైన సున్నాయే, దాన్నీ అలాగే ఉంచాలి. నీళ్ళు నిజంగానే రాలేదు గదా.

గ్రాఫు గీయనివాళ్ళకి కూడా ఒక లెక్క చెప్పి ముందుకెళతాను. 2025 ఫిబ్రవరిలో 28 రోజులు, నాలుగు ఆదివారాలు, కొట్టు తీసింది 24 రోజులు. మార్చిలో 31 రోజులు, ఐదు ఆదివారాలు, కొట్టు తీసింది 26 రోజులు. రోజుకి లక్ష చొప్పున ఎక్కడా తేడా లేకుండా అమ్మారనుకోండి. ఫిబ్రవరి 24 లక్షలు, మార్చి 26 లక్షలు. నూటికి ఎనిమిదికి పైగా పెరిగిందని గుమాస్తాకి స్వీట్లు పంచేస్తారు. పెరిగింది రెండు పనిదినాలు. నెల అమ్మకాన్ని కొట్టు తీసిన రోజులతో భాగించి చూసుకుంటే ఈ స్వీట్ల ఖర్చు తప్పుతుంది.

చివరగా కంప్యూటర్లో లెక్క రాసేవాళ్ళకి రెండు మాటలు. గడుల్లో సరైన తేదీలుంటే ఎక్సెల్ తనంతట తానే పంచాంగం ప్రకారం ఖానాలు వేస్తుంది, మీరు రాయని ఆదివారానికి కూడా జాగా వదులుతుంది. గీత గ్రాఫైతే ఆ జాగా మీదుగా గీత లాగేస్తుంది, స్తంభాల గ్రాఫైతే బోసిగా ఉంచుతుంది. ఆదివారం వరస రాసి అమ్మకం గడి ఖాళీగా వదిలితే, దాన్ని ఖాళీగా చూపించాలా, సున్నాగా చూపించాలా, గీతతో కలపాలా అని ఎంచుకునే చోటొకటి ఉంది, హిడెన్ అండ్ ఎంప్టీ సెల్స్ అని. ఒకసారి తెరిచి చూడండి. అక్కడ చాలామంది పొరపాటు చేస్తారు, నేనూ చేశాను. సున్నా వద్దన్నారు గదా అని అమ్మకం గడిలోనే సెలవు అని అక్షరాలు రాశాను. గీత గ్రాఫులో ఎక్సెల్ ఆ అక్షరాల్ని కూడా సున్నాగానే గీసింది. గొయ్యి మళ్ళీ వచ్చింది, యజమాని మళ్ళీ కళ్ళజోడు సవరించుకున్నాడు.

కనక అమ్మకం గడి ఖాళీగా వదిలి, దాని పక్కన ఇంకో గడి పెట్టుకోండి. అందులో ఆదివారమైతే ఆదివారం, కనుమైతే కనుమ, వరదైతే వరద, కరెంటు లేకపోతే కరెంటు లేదు అని రాయండి. కాయితం చిట్టా రాసేవాళ్ళకి ఇది మరీ సులువు, పక్కన జాగా ఎలాగూ ఉంటుంది. రేపు కొట్టు తీయగానే పోయిన నెల పేజీ తిప్పి, సున్నా ఉన్న ప్రతి రోజు పక్కనా ఎందుకు సున్నానో ఒక్క మాట రాయండి. మీకు గుర్తుండగానే రాయండి. ఎప్పుడైనా మీ అబ్బాయి ఆ లెక్క తీస్తే, అడగడానికి మీరు పక్కన ఉండకపోవచ్చు, అప్పుడు మీరు పుష్కర స్నానానికి రేవులో ఉండవచ్చు.